ముప్పావు సంచి

పోయిన సంవత్సరం ఏప్రిల్ ఆరు, ఆదివారం, శ్రీరామనవమి. మా దేవరయాంజాల్ సీతారామస్వామి గుడిలో కల్యాణం చూసి, అక్కడే విస్తరాకుల్లో పులిహోర, నానబెట్టిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు తిన్నాం. పానకం పంచేటప్పుడు నా కోడలు తృప్తి కూడా గ్లాసు అందుకుంది. అందుకుని, అటూ ఇటూ ఒకసారి చూసి, దాన్ని నా గ్లాసులోకి ఒంపేసింది.

"మీరు తాగండి మామయ్యా, ఎండ మస్తుగున్నది" అంది.

తాగాను. బెల్లం, మిరియాలు, చల్లటి నీళ్ళు. గొంతు దిగుతుంటే హాయిగా ఉంది. అందులో అనుమానించడానికి నాకేమీ కనబడలేదు.

మా అక్క సత్యమ్మకు కనబడింది. ఇంటికి వచ్చి చెప్పులు విడిచేలోపే నన్ను పక్కకు పిలిచింది.

"చూసినవా తమ్మీ?"

"ఏందక్కా?"

"పిల్ల పానకం ముట్టలే. పులిహోర రెండు బుక్కలు తిని ఆకు మడిచింది. పెండ్లయి నాలుగేండ్లాయె, గుళ్ళ పెట్టింది వద్దన్నది ఇయ్యాల్నే."

"ఎండకు తినబుద్ధి కాలేదేమో."

"పేరుకే తృప్తి గని తిండి కాడ తృప్తి ఎరుగని పిల్ల. గామె వద్దన్నదంటే ఉత్తగ అనలే. ఏదో ఉన్నది."

తృప్తి భారీ మనిషి. ఆమె ఎక్కితే కారు ఆ వైపుకు కొంచెం ఒరిగేది. ఆ మాట మా రాకేష్ నవ్వుతూ ఒకసారి అన్నాడు. భార్య ముఖం చూసి రెండోసారి అనలేదు. వాడు గండిమైసమ్మ చుట్టుపక్కల ప్లాట్లు అమ్మిస్తాడు. ఆమె ఎంఫార్మసీ చదివి షామీర్‌పేట అవతల ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. నా భార్య సుగుణ పోయిన తర్వాత వంటిల్లు అక్క చేతికి వచ్చింది. నాకు ఉద్యోగం నుంచి విశ్రాంతి దొరికింది. బీఎస్సీ చదివి మేడ్చల్ పాల కేంద్రంలో పాలు పరీక్షించడమే నా పనిగా బతికాను. నీళ్ళు కలిసిన పాలు ముందే ఉన్నా, తెచ్చినవాడి ముఖం చూసి "నీళ్ళు కలిపినవు" అనడం నాకు ఎన్నడూ చేతకాలేదు. కొలత చూపించి ఊరుకునేవాణ్ణి. వాడే తల దించుకునేవాడు. ఇంట్లోనూ అదే అలవాటు. నన్నెవరైనా అడిగితే చెబుతాను కాని, నేనై ఎవర్నీ అడగను.

ఆ నెలంతా చింతపండు పని. గుడ్డలు పరిచి, కాయలు కొట్టి, గింజ తీసి, ఉప్పు కలిపి కుండల్లోకి ఎత్తాలి. ఒక సాయంత్రం అక్క వాకిట్లో పీట మీద కూర్చుని గింజలు తీస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"పిల్ల సంచి తీయించుకుంటదట."

నేను చేతిలోని కాయను గుడ్డ మీద పెట్టాను.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆమెనే. నాకు గాదు, ఫోన్ల. మెట్ల మీద కూసోని గా అఫ్రీన్ అనే పిల్లతోని మాట్లాడుతాంది. 'సంచి తీసేస్తరు, తీసినంక మల్ల పెట్టరాదంట, అయినా సరే నేను డిసైడైన' అన్నది. ఇంకేమన్నది, 'ఇంట్ల తెల్వదు, మామయ్యకైతే అస్సలు తెల్వొద్దు' అన్నది. నేను బట్టలు తీస్కుంట విన్న."

అఫ్రీన్ తృప్తితో పాటు కంపెనీ బస్సులో వెళ్ళే షామీర్‌పేట అమ్మాయి.

మా వైపు ఆడవాళ్ళ నోట సంచి అంటే గర్భసంచి. 'గర్భ' అన్న ముక్క ఎప్పుడో రాలిపోయింది. ఫలానా ఆమెకు సంచి తీశారంటే ఏమిటని ఎవరూ అడగరు. ప్రతి వాడకట్టులో అలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. మా అక్క కూడా ఉంది. నడుం నొప్పి అని ఆస్పత్రికి తీసుకువెళితే, పాతికేళ్ళు దాటీదాటని వయసులో తీసేశారు. అప్పటికి పిల్లల్లేరు. మా బావ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అక్క ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికి వచ్చింది. ఆమె దాని గురించి చెప్పలేదు, మేం అడగలేదు.

"పిల్లలు వద్దనుకుంటుండ్రేమో" అన్నాను.

"వద్దనుకుంటే గోలీలు లేవా? తీయించుకుంటరా? ముప్పై ఏండ్లు నిండలే తమ్మీ ఆమెకు."

ఆ తర్వాత నాకు అన్నీ కనబడసాగాయి. ఫోను మోగితే తృప్తి మేడ మీదికి వెళ్ళేది. తినే అన్నం సగం చేసింది. ఆదివారం డ్యూటీ ఉందని చెప్పి వెళ్ళింది. ఆ రోజు కంపెనీ బస్సు మా ఊరి వైపే రాలేదు. మలుపు దగ్గర పుచ్చకాయల వ్యాపారి చోటే మియా, నేను అడగకముందే చెప్పాడు.

"కోడలమ్మ మేడ్చల్ దిక్కు పోయే ఆటో ఎక్కింది సాబ్. ఎండల నిలబడ్డది, నేనే గొడుగు కిందికి రమ్మన్న. కుర్చీ ఏస్తే కూసోలే."

ఆదివారం పూట మేడ్చల్‌లో ఆమెకు డ్యూటీ ఏమిటి? మేడ్చల్‌లో మాకున్నది డాక్టర్ రాఘవేందర్ ఒక్కడు. బస్ డిపో వెనక సందులో ఆయన క్లినిక్. సుగుణ చివరి జ్వరం దాకా మా ఇంట్లో అందరికీ ఆయనే చూశాడు.

"పోదాం పా" అంది అక్క.

*

"ఏంది, అక్కాతమ్ముడు ఇద్దరు ఒక్కపారే వచ్చిండ్రు? బీపీ ఎవలకు పెరిగింది?" అన్నాడు డాక్టర్.

"మీరు చిట్టీ రాస్తే నాకే పెరుగుతది" అంది అక్క.

"ఏం చిట్టీ?"

"మా కోడలి సంచి చిట్టీ."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నా వైపు చూశాడు.

"చెప్పిందా మీకు? ఎవ్వరికి చెప్పొద్దని నాకాడ మాట తీస్కున్నది."

అప్పటిదాకా అది అక్క చెవిన పడ్డ మాట. ఇప్పుడు డాక్టర్ నోటి మాట అయింది.

"అయితే నిజమేనన్నట్టు" అన్నాను.

"అడిగిందైతే నిజమే. కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్నది ఆమెకు. వాళ్ళు ఆపరేషన్‌కు ఒప్పుకోవాల్నంటే, ఎప్పటి సంది చూస్తున్న డాక్టర్ 'ఇది అవసరమే' అని రాసి సిటీల పెద్ద సర్జన్ కాడికి పంపాలె. నేనింక రాయలే."

"మొత్తం తీసేస్తరా సారూ?" అక్క గొంతు తగ్గింది.

"మొత్తం తీయరమ్మా. ముప్పావు వంతు తీసి, పావు వంతు ఉంచుతరు."

"గా పావుల ఏం నిలుస్తది?"

"తక్కువనే నిలుస్తది. ఆమెకు గావాల్సింది గదే గద."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముప్పావు అన్న మాట నాకు గుచ్చుకుంది. జంతుశాస్త్రం చదివినవాణ్ణి. గర్భసంచిని ముప్పావు కోసి పావు ఉంచుతారని ఎక్కడా వినలేదు. అడుగుదామని నోరు తెరిచాను. పక్కన అక్క, ఎదురుగా డాక్టర్. కోడలి ఒంటి లోపలి సంగతి ఏ మాటతో అడగాలో తోచలేదు. కొత్త పద్ధతులు వచ్చి ఉంటాయిలే అనుకుని నోరు మూశాను.

"నాకు కూడ అనుమానంగనే ఉన్నది జనార్ధన్" అన్నాడు డాక్టర్. "చిన్న వయసు. ఒక్కపారి కోసినంక మల్ల అతికేది గాదు. ఈ మధ్య కొన్ని ఆస్పత్రులోళ్ళు ఏజెంట్లను వెట్టి తిప్పుతుండ్రు, కంపెనీల పనిజేసే పిల్లల ఎంట పడుతుండ్రు. మీ ఇంట్ల ఇష్టం లేకుంటే నేను రాయ."

"మాకు ఇష్టం లేదు" అంది అక్క.

డాక్టర్ నా ముఖం చూశాడు. నేను అవునన్లేదు, కాదన్లేదు. అది అవునే అనుకున్నాడు.

*

ఆ రాత్రి భోజనాల దగ్గర తృప్తి లేదు. తలనొప్పి అని గదిలోనే ఉంది. జొన్నరొట్టె, మామిడికాయ పప్పు. అక్క రొట్టె వడ్డిస్తూ రాకేష్‌ను అడిగింది.

"నీకెరికేనారా సంచి ముచ్చట?"

వాడు గది తలుపు వైపు చూశాడు.

"నీకెవరు చెప్పిండ్రత్తా?"

"ఎవరో చెప్పిండ్రు. ఎరికేనా?"

"ఎరికే."

"ఏమన్నవ్ మరి?"

"మొదాలు వద్దన్న. బతిలాడింది. పెయ్యి ఆమెది, నొప్పి ఆమెది, ఇగ నేనేమంట? సరే అన్న."

"నీకు బాధ లేదా?"

"భయమున్నది. బాధేంది?"

అక్క రొట్టెల గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. రాకేష్ నన్ను చూసి, "ఏమైంది బాపూ?" అన్నాడు. ఏం లేదన్నాను. వాడు నమ్మలేదు. నేను వాణ్ణి నమ్మలేదు. భార్య గర్భసంచి తీయించుకుంటానంటే బాధేంది అని అడిగే కొడుకు నా ఇంట్లో ఎలా తయారయ్యాడా అని రొట్టె నములుతూ ఆలోచించాను.

మరునాటి నుంచి ఇల్లు రెండు భాగాలైంది. తృప్తి వస్తే మాటలు ఆగేవి. అక్క పొద్దున్నే లేచి నువ్వులు, బెల్లం దంచి ఉండలు చేసేది, సంచికి బలమట. తృప్తి టిఫిన్ డబ్బాలో అన్నం కింద వాటిని దాచి పెట్టేది. సాయంత్రం అవి అలాగే తిరిగి వచ్చేవి. ఒకరోజు తృప్తి డబ్బా మూత తీసి, ఆ ఉండల్ని చూపించి, "ఇవి ఎందుకు పెద్దమ్మా?" అని అడిగింది.

"తింటే ఏమైతది?"

"ఏమైతదో మీకు తెల్సే పెడుతుండ్రు" అంది తృప్తి.

ఆ మాటను అక్క నాకు పదిసార్లు చెప్పింది. పిల్లకు అంతా తెలుసు, తెలిసే సంచిని ఎండబెడుతోందని ఆమె అర్థం. తనను సన్నబడనివ్వకూడదనే ఇవి పెడుతున్నారని తృప్తి అర్థం. అది నాకు తర్వాత తెలిసింది. ఇద్దరూ ఒకరి గిన్నె వైపు ఒకరు అనుమానంగా చూసుకుంటూ మే నెలలోకి వచ్చారు.

ఆ రోజుల్లో కూడా తృప్తి నా కళ్ళజోడు తుడిచి పెట్టడం మానలేదు. పొద్దున టీవీ పక్కన అది మెరుస్తూ ఉండేది. కళ్ళకు పెట్టుకుని, దాంతోనే ఆమెను గమనించేవాణ్ణి.

*

మే రెండో వారంలో, ఒక ఆదివారం పూట, నేను వరండాలో చింతపండు కుండలకు గుడ్డ కడుతున్నాను. అక్క పక్కింటి బాలమణి దగ్గరికి వెళ్ళింది. తృప్తి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. నా ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

"డాక్టర్ సాబ్ రాయనన్నడు మామయ్యా."

నేను ముడి వేస్తూనే ఉన్నాను.

"మీ ఇంటోళ్ళు వచ్చి పోయిండ్రు, ఇగ నాతోని కాదు అన్నడు. పెద్దమ్మ అంటే సరే. మీరు గూడ పోయిండ్రంట."

"పోయిన."

"అత్తమ్మ ఉంటే ముందుగాల నన్ను అడుగుతుండె."

అది నిజం. సుగుణ అడిగేది. ముఖం ముందే నిలబడి, ఏందే నీ సంగతి అని అడిగేది. నా చేతిలో ముడి జారిపోయింది. చేతకాని పనిని ఆ రోజు నేను చేయాల్సి వచ్చింది.

"చూడు బిడ్డా, పిల్లలు వద్దనుకుంటే వద్దు. అది మీ ఇద్దరి ఇష్టం. నేనేమన. గని దానికోసం కోయించుకునుడు ఎందుకు? వేరే మార్గాలు ఉండవా?"

"పిల్లల ముచ్చట ఎందుకొచ్చింది?"

"ముప్పావు తీసేసినంక పిల్లలు ఎట్లయితరు?"

గేటు బయట ఇటుకల ట్రాక్టరు వెళుతోంది. దాని మోత పోయేదాకా తృప్తి ఆగింది.

"మామయ్యా, మీరు ఏ సంచి అనుకుంటుండ్రు?"

కుండ వైపు చూశాను. నా చూపు తప్పించుకోవడం చూసి ఆమెకు అర్థమైంది. అరచెయ్యి పక్కటెముకల కింద పెట్టుకుంది.

"ఇది. అన్నం పోయే సంచి. పొట్ట సంచి. బరువు తగ్గేతందుకు కోస్తరు. దాన్ని చిన్నగ జేస్తే కొంచెమే తినొస్తది."

నాకు ముప్పావు, పావు, తక్కువ నిలవడం అన్నీ ఒక్కసారిగా వాటి వాటి చోట్లకు వచ్చి కూర్చున్నాయి.

"పెద్దమ్మ గూడ గదే అనుకున్నదా?"

"ఆమె అనుకున్నదే నేననుకున్న."

తృప్తి నవ్వింది. భుజాలు ఊగేలా నవ్వింది. "నువ్వులుండలు" అని, ఇంకా ఏదో అనబోయి, నవ్వు సగంలో ఉండగానే గోడ పట్టుకుని ఆగింది. ఊపిరి అందలేదు. నోరు తెరిచి రెండుసార్లు లోపలికి లాగింది. అది తగ్గేదాకా నేను లేచి నిలబడే ఉన్నాను. ఆమె అంతకు ముందూ అలా ఆగి ఉంటుంది. మెట్ల దగ్గర, గుడి దగ్గర. నా కళ్ళజోడుకు అది కనబడలేదు.

అప్పుడు చెప్పింది. కంపెనీలో మందు తయారయ్యే గదిలోకి వెళ్ళాలంటే తల నుంచి పాదాల దాకా తెల్ల సూటు వేసుకోవాలట.

"అన్నిటికంటే పెద్ద సైజు గూడ జిప్పు ఎక్కుతలేదు. నన్ను బయట టేబుల్ కాడ కూసోవెట్టిండ్రు. సీసాలకు లేబుల్ సక్కగ అంటిందా లేదా చూసుడు నా పని. ఇగ రాత్రి పండుకుంటే ఊపిరి ఆగుతాంది. రాకేష్ లేపి కూసోవెడుతడు. ఆయన గూడ నిద్రవోక ఎన్ని రోజులైందో."

"నాకెందుకు చెప్పలే?"

"అత్తమ్మ పోయింది ఆస్పత్రిలనే గద. మల్ల ఆస్పత్రి, ఆపరేషన్ అంటే మీరు పరేషాన్ అయితరని."

నా కోసమే దాచింది. నేను దాన్ని నెల రోజులు వేరేగా చదువుకున్నాను.

"అక్కకు సుతారంగ చెప్తా" అన్నాను. "బరువు తగ్గితే పిల్లలు జల్దీ అయితరని చెప్తే ఆమెనే దగ్గరుండి తీస్కపోతది."

తృప్తి ముఖంలో నవ్వు పోయింది.

"గట్ల చెప్పొద్దు మామయ్యా."

"ఎందుకు? డాక్టర్లు అంటనే ఉంటరు గద."

"అయితే అయితరు. గని నేను పిల్లల కోసమని చెప్పి కోయించుకుంటే, రేపు పిల్లలు కాకపోతే ఈ కోత గూడ నా తప్పే అయితది. అప్పుడు ఇంకోటి కోయమంటరు. నాకు ఊపిరాడాలె. నా సూటు నాకు పట్టాలె. గంతే. గా మాటకు రాస్తే రాయమనుండ్రి, లేకుంటే వద్దు."

*

మర్నాడు సాయంత్రం నేను మేడ్చల్ వెళ్ళాను, ఆమె డ్యూటీ నుంచి నేరుగా అక్కడికి వచ్చింది. క్లినిక్‌లో రోగులు కూర్చునేది చేతులున్న ఇరుకు కుర్చీల్లో. మమ్మల్ని చూడగానే డాక్టర్ లేచి, గోడ పక్కనున్న చెక్క బెంచీ మీది మందుల పెట్టెలు దించి, దాన్ని బల్ల దగ్గరికి తనే జరిపాడు. జరుపుతూ నాతో వానల గురించి మాట్లాడాడు. తృప్తి కూర్చున్న తర్వాత వానల సంగతి వదిలేశాడు.

జరిగిన పొరపాటు చెప్పాను. ఆయన నుదురు పట్టుకున్నాడు.

"సత్యమ్మ పావుల ఏం నిలుస్తది అంటే, రెండిడ్లీలు నిలుస్తయని చెప్పబోయిన. మంచిదైంది చెప్పలే."

తర్వాత నవ్వు మాని తృప్తి వైపు తిరిగాడు. ఆయన అనుమానం ఆయనకుంది.

"నిన్ను ఎవరు తీస్కపోతుండ్రు? ఏజెంటా?"

"ఎవ్వరు లేరు. మా కంపెనీల ఒకామె చేయించుకున్నది. ఆమెను అడిగిన. ఏమేం కష్టాలైనయో గది గూడ అడిగిన."

"ఏమన్నది?"

"జుట్టు ఊడిందంట. జీవితాంతం గోలీలు మింగాల్నంట. పెండ్లిళ్ళల్ల అందరు తినుకుంటుంటే చూసుకుంట కూసోవాల్నంట. మొదాట్ల ఎందుకు చేయించుకున్ననా అని రోజు ఏడ్చిందంట."

డాక్టర్ ముఖం కొంచెం సడలింది. ఏజెంట్లు ఇలాంటివి చెప్పరని ఆయనకు తెలుసు. బీపీ చూశాడు. పాత కాగితాలు తిరగేసి షుగర్ ఎప్పటి నుంచి ఉందో చూశాడు. తిండి తగ్గించి, నడిచి, ఎన్నిసార్లు ప్రయత్నించిందో, ఎన్నిసార్లు బరువు మళ్ళీ వచ్చిందో ఆయనే గుర్తు చేసుకున్నాడు. కలం తీశాడు. తీసి, ఆగాడు.

"ఒక మాట. సంతానం కోసం అని ఒక లైన్ కలుపుత. ఇన్సూరెన్సోళ్ళకు గాదు, మీ ఇంటికోసం. ఎవ్వరు నోరెత్తరు."

చెప్పాల్సింది తృప్తి నాకు ముందే చెప్పింది. ఒడిలో ఉన్న బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ నా వైపు చూడకుండా కూర్చుంది. నేను ఏమంటానా అని చూస్తోందని నాకు తెలిసింది. ఒక్క లైను. అది రాయిస్తే అక్కకు చెప్పడం ఎంత సులువో అనిపించింది.

"వద్దు సాబ్" అన్నాను. "ఆమె ఏం చెప్పిందో గదే రాయండి."

ఆయన రాశాడు. ఎప్పటిలాగే ఒక్క అక్షరం అర్థం కాలేదు. తృప్తి దాన్ని రెండు మడతలు వేసి బ్యాగులో పెట్టుకుని, బయటికి వచ్చాక, "మామయ్యా, చెరుకురసం తాగుతరా, నేను తాగ గని" అంది.

*

అక్కకు చెప్పడం సులువు కాలేదు. వాకిట్లో కూర్చోబెట్టి, మట్టిలో పుల్లతో గీశాను. ఇది గొంతు, ఇది పొట్ట సంచి, ఆ సంచి ఇక్కడ కిందెక్కడో. ఆమె గీతల్ని ఓపికగా చూసింది.

"సంచి అంటే సంచే తమ్మీ."

"కాదక్కా, ఇది వేరే."

"నోటితోని ఒకటి చెప్తరు, బల్ల మీద పండవెట్టినంక ఒకటి తీస్తరు. నాకు నడుం నొప్పి అనే చెప్పిండ్రు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

"దీంతోని పిల్లలైతరా?" అని అడిగింది.

"తెల్వదక్కా. దానికోసం గాదు."

అప్పుడే తృప్తి గేటు తీసుకుని లోపలికి వచ్చింది. మట్టిలో బొమ్మ చూసి ఆగింది. అక్క లేచి, చీర దులుపుకుని ఆమె ముందుకు వెళ్ళింది.

"నిన్నెవరన్న బలవంతం జేసిండ్రా? రాకేష్ గిట సన్నగ కమ్మన్నడా?"

"లేదు పెద్దమ్మా. నేనే అనుకున్న."

"నిన్ను అడిగిండ్రా? కోస్తం, ఇంత తీస్తం, ఇంత ఉంచుతం అని అన్ని చెప్పి నిన్ను అడిగిండ్రా?"

"అడిగిండ్రు. నేను గూడ వాళ్ళను మస్తు అడిగిన."



"నన్నైతే ఎవ్వలు అడగలే" అంది అక్క. "పో, కాళ్ళు కడుక్కో."

ఆ రోజు నుంచి డబ్బాలో నువ్వులుండలు ఆగిపోయాయి. అనుమానం మాత్రం ఆగలేదు. మే చివర్లో ఆపరేషన్ రోజున అక్క మాతో పాటు సిటీ ఆస్పత్రికి వచ్చింది. తెల్లకోటు వేసుకుని తలుపులోంచి ఎవరు బయటికి వచ్చినా, "ఏ సంచి తీసిండ్రు?" అని అడిగింది. ఒక నర్సు ఓపికగా నిలబడి, "పొట్టదే అమ్మా" అని మూడుసార్లు చెప్పింది. అక్క మూడుసార్లూ తల ఊపింది, నమ్మలేదు.

ఇంటికి తెచ్చిన రోజు, నన్నూ రాకేష్‌ను బయటికి పంపి తలుపు వేసుకుంది. లోపల తృప్తి, "చూడండి పెద్దమ్మా, చూసుకోండి" అనడం వినిపించింది. కొంతసేపటికి అక్క బయటికి వచ్చింది.

"అన్ని బొడ్డు మీదికే ఉన్నయి" అంది. "గింతంత రంధ్రాలు. కింద ఏం లేదు."

అని, ముఖం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్ళి, చాలాసేపు అక్కడే ఉంది.

తృప్తికి మొదటి రెండు వారాలు నీళ్ళలాంటివే. పప్పు మీది తేట, మజ్జిగ తేట, కొబ్బరినీళ్ళు. అక్క చిన్న గ్లాసు పట్టుకుని ఆమె పక్కన కూర్చునేది. ఒక్కో గుక్కకూ నడుమ ఆగమని డాక్టర్లు చెప్పారు. జీవితమంతా "తిను, ఇంకొంచెం తిను" అన్న మనిషి, "ఆగు, జల్దీ ఏంది" అనడం నేర్చుకుంది. తృప్తి రెండుసార్లు కక్కింది. ఒకరోజు ఎందుకు చేయించుకున్ననా అని ఏడ్చింది. అక్క ఆమెకు సర్ది చెప్పలేదు. పక్కనే కూర్చుని చింతగింజలు ఏరింది.

ఈలోగా మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు చేప తినని ఇల్లు మా ఊళ్ళో ఉండదు. పొద్దున్నించీ వీధంతా అదే వాసన. మాకు వద్దని నేనన్నాను. ఆ రోజు మానేయకూడదని అక్క అంది. చీకటి పడ్డాక పెరట్లో కట్టెల పొయ్యి వేసి, అక్కడే వండింది. నేనూ రాకేష్, అక్క, ముగ్గురం పెరట్లోనే కింద కూర్చుని, ఎవరింట్లోనో దొంగతనానికి వచ్చినట్టు మాట్లాడకుండా తిన్నాం. ముళ్ళు కాగితంలో చుట్టి రాకేష్ దూరంగా పారేసి వచ్చాడు. అక్క చేతులు పసుపుతో కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగింది. తర్వాత మజ్జిగ తేట తీసుకుని తృప్తి గదికి వెళ్ళింది. నేను హాల్లో నా పక్క పరుచుకుంటున్నాను.

"ఏం చాపలు పెద్దమ్మా?" అంది తృప్తి.

"ఏం చాపలు? ఏం లేవు."

"వాసనొస్తాంది."

"బాలమణోళ్ళింట్ల."

"బాలమణి పెద్దమ్మ వాళ్ళు ఊరికి పోయిండ్రు గద."



"కొర్రమీను" అంది అక్క చివరికి. "ఉప్పు ఎక్కువైంది. బాగలే. నీకు వచ్చేయేడు చేస్తా, ఒక్క ముక్క."

"ఒక్కటేనా?"

"పావు సంచికి ఎన్ని పడ్తయే? తాగు. మెల్లగ."

గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. అక్క దీపం ఆర్పింది. బయటికి వచ్చి, కిటికీలోంచి పెరటి వాసన ఇంకా వస్తోందా అని ఒకసారి గాలి పీల్చి చూసింది. గడప దగ్గర నిలబడి, చీకట్లో తృప్తి ఊపిరి సాఫీగా ఆడుతోందా అని కాసేపు చెవి పెట్టి విన్నది. తర్వాత తలుపును రెండు చేతులతో కొంచెం పైకి ఎత్తి పట్టి, కీచుమనకుండా, దగ్గరికి వేసింది.